అచ్చిన, ఇగ నువ్వు పో

రెండు దాటి నాలుగు నిమిషాలైంది. మూడు కొట్టేలోగా కనుకయ్య వచ్చి, నా ఫారం మీద ఉన్న సంతకం తనదేనని పక్క గదిలో కూర్చున్న మేడమ్‌కు చెప్పాలి. చెప్పాడా, ఐదోసారి కార్పొరేటర్ పోటీలో నేనుంటాను. రాలేదా, దూస విఠల్ కథ ఈ మధ్యాహ్నంతో సరి. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఆ ఎన్నికల మేడమ్ అరగంట సేపు రూల్సు చదివింది, నేను తల ఊపుతూ విన్నాను, నాలుగుసార్లు గెలిచినవాణ్ని, నాకు తెలియని రూల్సా అవి. భివండి మునిసిపాలిటీ బడిలో ఒకటో తరగతి గది ఇది, వారం నుంచి ఎన్నికల ఆఫీసు కింద వాడుతున్నారు, పిల్లల బెంచీ మీద కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి, యాభై తొమ్మిదేళ్ల మనిషిని తెచ్చి ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు, బాగానే ఉంది. పైన తిరుగుతున్న పంఖా నేను ఇప్పించిందే, రెక్కల మీద నా పేరు రాయించాను, తిరిగినంతసేపూ ఎవరికీ కనబడదు, ఆగితేనే కనబడుతుంది, ఆ మాత్రం తెలివి అప్పుడు లేకపోయింది. గోడ అవతల కార్ఖానా. ఖటాఖట్ ఖటాఖట్. మరమగ్గాన్ని మావాళ్లంతా సాంచ అంటారు. కళ్లు మూసుకుని చెప్పగలను, అక్కడ ఇరవై నాలుగు సాంచాలున్నాయి, రెండు ఆగి ఉన్నాయి.

ఎవరూ లేరు. ఇదివరకు నేను ఫారం వేయడానికి వస్తే ధామన్కర్ నాకా దగ్గర ఆటోలు ఆగిపోయేవి, డప్పులు, గులాల్, ఒకడి భుజం మీదినుంచి ఇంకొకడి భుజం మీదికి నన్ను మార్చేవాళ్లు, చెప్పులు ఎక్కడ పోయాయో తెలిసేది కాదు. ఇవాళ నా చెప్పులు రెండూ నా కాళ్లకే ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే బయట ఈసారి నా మీద నిలబడ్డ శుభమ్, వాడి వెంట ఓ నలభై మంది, వడాపావ్ తింటూ నవ్వుతున్నారు. వాడి తొట్టెల పండుగకు వెళ్లినవాణ్ని నేను, వాడి పుట్టిన సర్టిఫికెట్‌కు ఉత్తరం రాసిచ్చింది నేను, మూడేళ్ల కింది దాకా నా ఆఫీసులో కుర్చీలు వేసినవాడు, ఈ పొద్దున ఫారాలు పరిశీలించేటప్పుడు లేచి నిలబడి, సూచక్ సంతకం దొంగదని మేడమ్‌కు అర్జీ ఇచ్చాడు. సూచక్ అంటే పేరు ప్రతిపాదించేవాడు, వార్డులోని ఓటరు ఒకడు సంతకం పెట్టాలి, అది లేనిదే ఫారం ఫారమే కాదు. నా ఒళ్లు మండిపోయింది. బల్ల గుద్దాను. ఇరవై మూడేళ్లుగా నా సూచక్ కనుకయ్యే, ప్రతిసారీ మొదటి సంతకం ఆయనదే, బస్తీలో పసిపిల్లవాణ్ని అడిగినా చెప్తాడని అరిచాను. మేడమ్ ఫారం నా వైపు తిప్పింది. సంతకం మరాఠీలో ఉంది, చక్కగా, గుండ్రంగా, పైగీత కూడా తిన్నగా గీసి. కనుకయ్యకు మరాఠీ అక్షరం ఒక్కటి రాదు.

ఆయనకు వచ్చింది నాలుగే అక్షరాలు, క, ను, క, య్య, అవీ తెలుగులో, అవీ నేను నేర్పినవే. సాంచ పక్కనున్న ఇనుప పట్టీ మీద సుద్దముక్కతో రాసిచ్చేవాణ్ని, సాంచ అదురుడుకు సుద్ద రాలిపోయేది, మళ్లీ రాసేవాణ్ని, రెండు నెలలు పట్టింది. మొదటి ‘క’ పెద్దగా, రెండో ‘క’ చిన్నగా, ‘య్య’ కింద ఉండాల్సిన యావత్తు ఇంకా కిందికి జారిపోయి ఎక్కడో ఉండేది, "నీ పేరుకు కాలు ఇరిగింది అన్నా" అంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ జారిపోయిన యావత్తు కనబడితేనే నాకు ధైర్యం, నాలుగు ఎన్నికల్లో నాలుగు ఫారాల మీద దాన్ని చూసుకున్నాకే నా సంతకం నేను పెట్టాను. ఈసారి చూడలేదు. నా పార్టీ పనులు చూసే అమిత్ చేతికి ఫారం ఇచ్చి, కనుకయ్య దగ్గరికి పోయి సంతకం పెట్టించుకు రమ్మన్నాను. ఎక్కడుంటాడు భావూ అని అడిగాడు వాడు. ఎక్కడుంటాడు? నేను ఫోన్ చెవికి పెట్టుకుని, ఎవరూ మాట్లాడని ఫోన్లో మాట్లాడుతూ, కనుక్కో పో అని చేత్తో సైగ చేశాను. వాడు కనుక్కోలేక, నన్ను మళ్లీ అడగలేక, తనే గీకేశాడు. ఇందాక మెట్ల మీద నా కాళ్లు పట్టుకుని ఏడ్చాడు, ముప్పై అయిదేళ్ల మనిషి. తిట్టబోయి ఆగాను. నాకే తెలియని అడ్రసు వాడికెలా తెలుస్తుంది.

ఎన్ని ఉత్తరాలు రాసిచ్చానో ఈ ఇరవై మూడేళ్లలో. ఫలానా మనిషి ఫలానా గల్లీలో ఫలానా గదిలో ఉంటున్నాడు, ఇతన్ని నేను స్వయంగా ఎరుగుదును. కార్పొరేటర్ ఉత్తరం లేకపోతే మావాళ్లకు ఇక్కడ రేషన్ లేదు, బడి లేదు, గ్యాస్ లేదు. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి ముప్పై ఏళ్లు భివండిలో దారం దుమ్ము మింగినా, నువ్వు ఇక్కడివాడివని ఇంకొకడు రాసియ్యాలి. అలా రాసి రాసి చూపుడువేలు పక్క కాయ కాసింది, సాంచ తోలిన కాయ పోయి ఈ కాయ వచ్చింది. బిహారు వాళ్లకు రాసిచ్చాను, యూపీ వాళ్లకు రాసిచ్చాను, జీవితంలో చూడని మొహాలకు స్వయంగా ఎరుగుదునని రాసిచ్చాను. కనుకయ్యకు ఒక్కటీ రాయలేదు, ఆయన అడగలేదు. ఆయన్ని నేను స్వయంగా ఎరుగుదును.

రెండూ పదిహేడు. ఎన్నో నంబరు సాంచ అది, గోడ అవతల, ఇప్పుడే మళ్లీ మొదలైంది, ఎవరో దారం అతికి తోలాడు. మా ఇద్దరివీ ఒకే నాలుగు సాంచాలు. రాత్రి పాళీ ఆయనది, పగటి పాళీ నాది, వారానికోసారి మార్చుకునేవాళ్లం. ఆయన లేచిన పరుపు మీద నేను పడుకునేవాణ్ని, నేను లేచిన పరుపు మీద ఆయన, పదకొండేళ్లు అలా ఒక పరుపు చల్లబడకుండా వాడుకున్నాం. ఆయనకు పెళ్లయి లస్మవ్వ వదినె వచ్చాక కూడా నా అన్నం ఆ ఇంట్లోనే. పాళీ మారేటప్పుడు సాంచ ఆపకూడదు, అది మా పద్ధతి. సేఠ్ భయం కాదు, సేఠ్ ఎక్కడో ఉండేవాడు. పొద్దున ఎనిమిదింటికి వచ్చేవాడు వచ్చి మొదటి సాంచ ముందు పట్టీ మీద చెయ్యి వేసి, "అచ్చిన, ఇగ నువ్వు పో" అనాలి. అప్పుడు పోయేవాడు వచ్చినవాడి చెవిలో నోరు పెట్టి, ఆ మోతలో అలాగే అరవాలి మరి, ఏ సాంచ ఎట్లా ఉందో నాలుగింటి సంగతీ చెప్పాలి. రెండోది దారం తెంపుతున్నది, నాలుగోదానికి బీము మీది దారం అయిపోవచ్చింది, ఇట్లా. చెప్పి పోవాలి. చెయ్యి పడేదాకా, ఆ మాట వినేదాకా, ఎంత పొద్దయినా నడిచే సాంచాలను వదిలి పోయేవాణ్ని నేను చూడలేదు. తల్లి చచ్చిందని టెలిగ్రాం వచ్చినవాడు కూడా జోడీవాడు వచ్చి చెయ్యి వేసేదాకా ఏడుస్తూ దారం కండెలు మార్చాడు.

నేను పోలేదు ఆ పొద్దు. ఇదిగో, ఇక్కడికి వస్తుంది బుద్ధి, ఎటు తిప్పినా ఇక్కడికే వస్తుంది. మొదటి ఫారం వేసే రోజు. కార్మికుల గుంపులో అరిచి అరిచి పేరు తెచ్చుకున్నాను, సాంచాల మోత మీదినుంచి వినబడే గొంతు నాదని అందరికీ గర్వం, నిలబడు విఠల్ అన్నారు. పొద్దున ఎనిమిదింటికి కనుకయ్యను రాత్రి పాళీ నుంచి దించాలి. ఒక్క గంట ఆలస్యమవుతుందేమో, ఆయనే కదా, ఉంటాడులే అనుకున్నాను. తొమ్మిది అయింది, జీపు వచ్చింది. పది అయింది, దండలు వచ్చాయి. మధ్యలో ఒక్కసారి, ప్రమాణంగా ఒక్కసారి గుర్తొచ్చింది, ఎవరినైనా పంపిద్దామని పక్కకు చూశాను, ఎవరో నన్ను పైకి ఎత్తారు. పైనుంచి చూస్తే ఊరంతా నాదే అనిపించింది, అబద్ధమెందుకు. అక్కడ ఆయన పన్నెండు గంటలు తోలి, ఇంకో ఆరు గంటలు తోలాడు. మధ్యాహ్నం రెండు దాటాక, ఇదే వేళ, మూడో సాంచ నాడె ఎగిరింది. దారం ఉన్న కర్ర నాడె, రెండు కొసలకూ ఇనుప ములుకులు, అటునుంచి ఇటు నిమిషానికి నూరుసార్లకు పైగా పరుగెత్తేది, దెబ్బ తప్పితే మనిషి మీదికే. ఎడమ కన్ను. నిద్ర కళ్లతో ఉన్నాడు, తప్పుకోలేకపోయాడు. అప్పుడు నేను జీపు మీద చేతులు జోడించి ఉన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. మనిషన్నాక ఆలస్యమవుతుంది, కాలు పట్టుకుంటే అయిపోయేది. నేను ఏం చేశానంటే, ఎనిమిదో రోజు ఆయన్ని కంటి కట్టుతోనే తీసుకొచ్చి సభలో స్టేజీ మీద కూర్చోబెట్టాను. ఈ అన్న నా కోసం కన్ను ఇచ్చిండు, మీరు ఓటు ఇయ్యలేరా, అన్నాను మైకులో. ఇచ్చిండు. ఆ మాట నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, ముందు అనుకున్నది కాదు, నోట్లోంచి అలా వచ్చేసింది, రాగానే జనం లేచి నిలబడ్డారు, ఆడవాళ్లు కొంగు కళ్లకు అద్దుకున్నారు. కనుకయ్య తలవంచుకుని ఒళ్లో చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఇచ్చిండా? నేను పోకుంటే పోయింది. ఒక్క మాట, అక్కడే లేచి, నేను ఇయ్యలేదు, వీడు రాలేదు అని ఉంటే, నేను ఆ రాత్రే మళ్లీ పాళీకి పోయేవాణ్ని, ఈ బతుకే వేరుగా ఉండేది. అనలేదు. నేను గెలిచాను. తర్వాత మళ్లీ ఏ సాంచ మీదా ఎవరినీ దించే పని నాకు పడలేదు.

గెలిచాక ఏమేం చేయలేదు. గటర్లు కట్టించాను, నల్లాలు వేయించాను, మూడు జెండాలు మార్చాను, పన్నెండు సాంచాలు కొని నేనూ సేఠ్‌ను అయ్యాను, వాటిని మళ్లీ పాత ఇనుముకు అమ్మాను. మునిసిపాలిటీ సభలో మొదటిసారి లేచి సాంచాల దగ్గర అరిచినట్టే అరిస్తే మేయరు చెవులు మూసుకున్నాడు, అందరూ నవ్వారు, తగ్గించి మాట్లాడటం నేర్చుకునేసరికి రెండేళ్లు పట్టింది, తగ్గించాక నా మాట నాకే వినబడేది కాదు. ప్రతి ఎన్నికకూ కనుకయ్య గదికి నేనే వెళ్లేవాణ్ని, ఒక్కణ్నే. వదినె చాయ్ పెట్టేది. ఆయన ఫారం మోకాలి మీద పెట్టుకుని, కుడికంటికి దగ్గరగా తెచ్చుకుని, ఆ నాలుగు అక్షరాలు నాటేవాడు. కన్ను గురించి ఏ ఒక్కసారీ మాట రాలేదు. నేనే ఎత్తుదామనుకుని నాలుగుసార్లూ చాయ్ తాగి వచ్చాను. కిందటిసారి గెలిచాక రోడ్డు వెడల్పు చేస్తామని ఆయన గది ఉన్న చాళీ కూల్చారు, ఆ కాగితానికి సభలో చెయ్యెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను, ఆయనా వదినె ఎటు పోయారో చూసి రావాలి, రేపు పోదాం, ఎల్లుండి పోదాం. ముఖం చెల్లలేదు. ఆ తర్వాత కార్పొరేటర్ల గడువు అయిపోయింది, ఏళ్ల తరబడి ఎన్నికలే పెట్టలేదు, ఆఫీసర్లే ఊరు నడిపారు, మాకు పేరు ముందు ‘మాజీ’ వచ్చింది. పొద్దున నా ఆఫీసు ముందు కూర్చునేవాళ్లు పదిమందయ్యారు, నలుగురయ్యారు, ఒక పిచ్చి ముసలాయన మిగిలాడు, ఆయనా నన్ను వేరే ఎవరో అనుకుని వచ్చేవాడు.

నా భార్య శాంతాబాయి అంజూర్ ఫాటా దగ్గర కొత్త బిల్డింగ్‌లో ఏడో అంతస్తులో టీవీ చూస్తూ ఉంటుంది ఇప్పుడు. ఫారం వేస్తున్నానని చెప్తే, "మల్ల ఎందుకు?" అంది, అంతే, టీవీ మీదినుంచి కళ్లు తియ్యకుండా. ఎందుకో చెప్పలేకపోయాను. ఎందుకు అంటే ఆ బిల్డింగ్‌లో చప్పుడు లేదు. సాంచ లేదు, మనిషి లేడు, తలుపు తట్టేవాడు లేడు. ఫోన్ మోగితే ఇద్దరం ఉలిక్కిపడతాం, చూస్తే ఎవరో లోన్ కావాలా అని. వంద మందిలో నిలబడ్డవాడికి ఒక్కడుగా కూర్చోవడం రాదు. ఈ ఫారం ఉంటే మళ్లీ తలుపు తడతారు, తిట్టడానికైనా తడతారు. ఇంత వయసొచ్చి దీనికోసం పాకులాడుతున్నానని నాకే నా మీద ఏవగింపుగా ఉంది, అయినా మూడు కాకూడదని గోడ గడియారం కేసి చూస్తున్నాను.

రెండూ ముప్పై ఒకటి. ఫోన్. అమిత్.

"భావూ, దొరికిండు. వాళ్లామె మీతో మాట్లాడుతదట."

అటునుంచి లస్మవ్వ వదినె గొంతు, ఎనిమిదేళ్లయింది విని, ఏమీ మారలేదు.

"ఏంది ఇఠలు, సంతకానికి గూడ మనిషిని పంపుతవా? ఇన్నేండ్లు నువ్వే అస్తివి గద."

"వదినె, జర పనుల..."

"ఇల్లు దొరకలేదట. ఎవ్వలను అడిగినా చెప్తుండిరి. నీళ్ల టాకీ ఎనుక. నీ ఆఫీసు మేడ మీదికెల్లి మా రేకులు కనవడతయి."

"అన్న ఏంజేస్తుండు" అన్నాను.

"బువ్వ తింటుండు. తిన్నంక అస్తడు. ఆగు." ఫోన్ పెట్టేసింది.

బువ్వ తింటున్నాడు. మూడింటికి నా తల తెగుతుంటే అక్కడ ఆయన బువ్వ తింటున్నాడు. మొదట కోపం వచ్చింది, నిజం చెప్తున్నాను, లేపుకు రాకుండా ఏం చేస్తున్నాడు ఈ అమిత్ గాడు అనిపించింది. తర్వాత సిగ్గేసింది. ఆ రోజు నేను రాలేదని ఆయన బువ్వ కూడా తినలేదు, వదినె సద్ది తెచ్చి కార్ఖానా గడపలో పెట్టి పోయింది, అది అలాగే ఉండిపోయింది. తిననీ. నెమ్మదిగా తిననీ. కానీ మూడు కాకముందే రానీ. వచ్చి, నాదే అననీ. రెండు అక్షరాల మాట. ఒకసారి ఒక్క మాట అనక నన్ను గెలిపించాడు, ఈసారి ఒక్క మాట అని గెలిపిస్తే ఏం పోయింది? ఏం పోతుందో నాకు తెలుసు. శుభమ్ పక్కన వకీలు ఉన్నాడు, సంచిలో కనుకయ్య బ్యాంకు కాగితం తెచ్చుకున్నాడు, తెలుగు సంతకం ఉన్నది. మేడమ్ గదిలో కెమెరా నడుస్తోంది. నాదే అంటే, రేపు నేను కాదు పోలీసు ఠాణా మెట్లెక్కేది, అరవై నాలుగేళ్ల కనుకయ్య. అది తెలిసీ రమ్మంటున్నాను. రా అన్నా, రా, రా.

వచ్చాడు. రెండూ నలభై నాలుగుకు, అమిత్ బండి మీదినుంచి దిగి, చొక్కా గుండీలు పైనుంచి కిందిదాకా పెట్టుకుని, చెయ్యి ఇంకా తడిగా. జుట్టంతా తెల్లబడింది. పొట్టిగా అయ్యాడా, నేనే మరిచిపోయానా. శుభమ్ గుంపు నవ్వు ఆపి దారి ఇచ్చింది. నన్ను చూడటానికి తల మొత్తం ఎడమవైపు తిప్పాల్సి వచ్చింది ఆయనకు, ఆ తిప్పడం నాకు కొత్త కాదు. లోపలికి నడిచాం. మేడమ్ ఫారం ఆయన ముందు పెట్టి హిందీలో అడిగింది, ఈ సంతకం మీదేనా, ఆలోచించి చెప్పండి, ఇది రికార్డవుతోంది. వకీలు సంచి తెరిచాడు. కనుకయ్య కాగితం కుడికంటికి దగ్గరగా తెచ్చుకున్నాడు, అచ్చం మోకాలి మీద పెట్టుకున్నప్పటిలాగే. చాలాసేపు చూశాడు. ఆ గుండ్రటి మరాఠీ అక్షరాల మీద వేలు పెట్టి, యావత్తు కోసమేమో, కింద కొంచెం తడిమాడు. తర్వాత నా వైపు తల తిప్పాడు.

"ఏమనాలె ఇఠలు?" అన్నాడు తెలుగులో, మెల్లగా. "ఏమంటే నీకు మంచిగుంటది?"

వెటకారం లేదు, కోపం లేదు. అడిగాడంతే, రెండోదానికి కండె పెట్టాల్నా అని అడిగినట్టు. నేను చెప్తే అంటాడు. స్టేజీ మీద కూడా ఒకవేళ నా దిక్కు ఇలాగే చూశాడేమో, నేను జనం దిక్కు చూస్తూ ఉన్నాను కదా, ఎలా తెలుస్తుంది. నా గొంతులో ‘నాదే అను’ అనే మాట తయారుగా ఉంది, పక్క గదిలో నలభై నిమిషాలు నమిలిన మాట, ఊపిరి వదిలితే చాలు. గోడ అవతల సాంచాలు ఆడుతున్నాయి. నా చెయ్యి లేచింది. నేను లేపలేదు, అదే లేచి మేడమ్ బల్ల ముందు అంచు మీద పడింది, అరచెయ్యి మొత్తం ఆనేలా.

"అచ్చిన అన్నా," అన్నాను. "ఇగ నువ్వు పో."

మేడమ్ ఏమిటన్నట్టు చూసింది. నేను హిందీలో చెప్పాను, ఇది ఆయన సంతకం కాదు, ఆయనకు ఏమీ తెలియదు, నా మనుషులు పెట్టారు, నేను చూడకుండా ఇచ్చాను, తప్పు నాది, రాసుకోండి. శుభమ్ ఏదో అరిచాడు బయటికి, బయట ఈలలు వేశారు. అమిత్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కనుకయ్య మాత్రం కదల్లేదు. నా చేతిని చూశాడు, బల్ల అంచును చూశాడు. నా దగ్గరికి వచ్చి, భుజం పట్టి వంచి, నా చెవిలో నోరు పెట్టి, అరవాల్సిన అవసరమే లేని ఆ గదిలో సాంచాల మధ్య అరిచినట్టే అరిచాడు.

"ఒకటోది మంచిగున్నది! రెండోది మంచిగున్నది! మూడోది దెబ్బ తప్పుతున్నది, నాడె ఎగురుతది, జర పైలం! నాలుగోదానికి కండెలు వెట్టిన!"

మేడమ్ పెన్ను జారవిడిచింది. వకీలు ఒకడుగు వెనక్కి వేశాడు. వాళ్లకు తెలుగు రాదు. కనుకయ్య నా భుజం వదిలి, మొహం తుడుచుకుని, గుమ్మం దాకా వెళ్లి చెప్పులు వేసుకున్నాడు, మెట్లు దిగాడు, అమిత్ బండి ఎక్కకుండా నీళ్ల టాకీ వైపు నడిచి పోయాడు. మూడింటికి ఇంకా తొమ్మిది నిమిషాలు ఉంది. మేడమ్ రాసుకుంటోంది. నేను బల్ల మీదినుంచి చెయ్యి తియ్యలేదు.